కాలు కాదు పాపా, కర్ర!

మొన్నామధ్య శుక్రవారం మా డైనింగ్ టేబుల్ మీద ఇడ్లీ గిన్నె పెట్టడానికి కూడా చోటు లేదు. పదకొండో తరగతి చదువుతున్న మా అమ్మాయి వైర్లు, సెన్సార్లు, వాళ్ల నాన్న పాత గ్లౌజు పరిచేసుకుని కూర్చుంది. వైకల్యంతో పనిచేసుకునే కార్మికులకు ఉపయోగపడే పరికరం తయారుచేయాలట, స్కూల్లో ప్రాజెక్టు.

"ఎవరి కోసమే ఇది?" అన్నాను.

"డిసేబుల్డ్ వర్కర్స్ కోసం మమ్మీ."

"అదే, ఎవరు?"

జవాబు లేదు. గ్లౌజు మాత్రం లైట్లు వెలిగిస్తోంది.

నాకు వెంటనే అబ్బాసియాలో మా బ్లౌజులు కుట్టే రాజంపేట అన్న గుర్తొచ్చాడు. నాలుగేళ్ల కింద రోడ్డు దాటుతుంటే కారు గుద్దింది. అప్పటినుంచి కుడి మోకాలు వంగదు, చంకకర్ర లేనిదే నడవలేడు. గల్ఫ్‌కి వచ్చేవాళ్లు ఇండియాలోనే మెడికల్ పాసై విమానం ఎక్కాలి. కాబట్టి ఇక్కడ మనవాళ్లలో కాలో చెయ్యో సరిగా లేనివాళ్లు కనిపిస్తే, చాలామందికి అది ఇక్కడికొచ్చాక జరిగినదే. కువైట్‌లో వికలాంగుల హక్కుల చట్టం ఉంది, 2010లో వచ్చింది. కనీసం 50 మంది కువైటీలు పనిచేసేచోట, వాళ్లలో 4 శాతానికి తగ్గకుండా వైకల్యమున్నవాళ్లకు ఉద్యోగాలివ్వాలంటుంది. మంచి చట్టమే. కానీ ఆ కోటా ఈ దేశపు పౌరులది. మన టైలరన్నకు ఉన్న భరోసా అల్లా రోజుకు ఎన్ని బట్టలు కుట్టగలడన్నదే. చెయ్యి నెమ్మదిస్తే ఇకామా రెన్యూవల్ దగ్గర ఓనరు ఆలోచిస్తాడు. ఊళ్లో ఇద్దరు ఆడపిల్లల చదువులు ఆ మిషను మీదే నడుస్తున్నాయి.

సాయంత్రం పిల్లను వెంటబెట్టుకుని కొట్టుకి వెళ్లాను. అది వెళ్తూనే, "అంకుల్, కాలితో తొక్కే పని లేకుండా మిషన్ చేతితో నడిచేలా చేస్తే మీకు బాగుంటుందా?" అని అడిగేసింది.

ఆయన నవ్వాడు. "పెడల్ ఎడమకాలికి మార్చుకోని శానా దినాలాయ పాపా. నా తంటా కాలు కాదు, కర్ర. మిషన్ కాడ ఆనిచ్చి పెడతానా, టైల్స్ మీద జారి పడిపోతాది. కటింగ్ టేబుల్ కాడికి పోవాలంటే వంగి తీసుకోవాల. ఆడ పెడితే ఆడా పడతాది. ఇస్త్రీ కాడా అంతే. దినానికి ఎన్నిసార్లో! వంగేదే నాకు నొప్పి."

ఆ కొట్లో అరగంట కూర్చుంటే ఆ కర్ర రెండుసార్లు కింద పడింది. మూడేళ్లుగా బ్లౌజులిచ్చి పుచ్చుకుంటున్నాను, నాకే ఎన్నడూ కనబడలేదు.

ఇలా అడిగి తెలుసుకున్నచోటే పనికొచ్చే వస్తువులు పుట్టాయి. ఢిల్లీ ఐఐటీలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన 'స్మార్ట్‌కేన్' చూడండి. చూపులేనివాళ్ల తెల్లకర్ర నేల మీది గుంటనూ రాయినీ పట్టేస్తుంది. మోకాలికి పైన ఉన్నవి, అంటే వంగిన కొమ్మ, ఆగి ఉన్న లారీ వెనుకభాగం లాంటివి దానికి అందవు. మొహానికి దెబ్బ తగిలేది అక్కడే. అందుకే కర్ర పిడికి శబ్దతరంగాలతో పనిచేసే సెన్సార్ అమర్చారు. అడ్డం దగ్గరైతే పిడి వణుకుతుంది. 2014లో అది జనం చేతికొచ్చింది. ఉద్యోగం చేయాలంటే ముందు ఆఫీసు దాకా క్షేమంగా నడిచి వెళ్లాలి కదా! అమెరికాలో సోర్స్ అమెరికా అనే సంస్థ హైస్కూలు, కాలేజీ పిల్లలకు ఇలాంటి డిజైన్ పోటీయే పెడుతూ వచ్చింది. అక్కడ పిల్లలు, వైకల్యమున్న కార్మికులు పనిచేసే చోటికి వెళ్లి, వాళ్ల ఇబ్బంది చూసి దానికి తగ్గట్టు పరికరం చేయాలి.

మా పిల్ల గ్లౌజు పక్కన పెట్టింది. ప్లంబింగ్ పైపు ముక్కను ఒకవైపు చీల్చి, కర్రను పట్టుకునే క్లిప్పులు మూడు చేసింది: మిషనుకొకటి, కటింగ్ టేబుల్‌కొకటి, ఇస్త్రీ బల్లకొకటి. పరమ సంతోషంగా తీసుకెళ్లాం. కర్ర లోపలికి టక్కున పోయింది గానీ, బయటికి లాగాలంటే రెండు చేతులూ కావాలి! ఒక చెయ్యి బల్లను పట్టుకోవాలి కదా, లేకపోతే మనిషే పడిపోతాడు. ఇంటికొచ్చి మూతి వెడల్పు చేసింది, లోపల సైకిల్ ట్యూబు ముక్క అంటించింది. ఈసారి ఒంటిచేత్తో వచ్చింది, కానీ ఇస్త్రీ బల్ల దగ్గరి క్లిప్పు వేడికి ఊడిపోయింది.

మూడోది మా పిల్ల చెయ్యలేదు. మేం వెళ్లేసరికి ఆయనే ఇస్త్రీ బల్లకి మందపాటి కాన్వాసు పట్టీ బిగించి, దానికి వెల్క్రో కుట్టేసి ఉంచాడు. "పాపా, నీది చూసినాకే ఐడియా వచ్చింది" అన్నాడు. అది మొహం కాస్త ముడుచుకుంది గానీ, వెంటనే ఫోను తీసి ఫొటో తీసుకుంది.

ప్రాజెక్టు రిపోర్టులో మొదటి పేజీలో ఎవరి పేర్లు రాయాలని రాత్రి నన్నడిగింది. ఆయన్నే అడగమన్నాను. మర్నాడు ఫోన్ చేస్తే పేరు సంగతి ఎత్తనే లేదట. "బాత్రూంలో కూడా కర్ర పెట్టేదానికి చోటు లేదు, ఆడ తడిగా ఉంటాది, అంటించినవి నిలబడవు, ఏమన్నా జేస్తావా?" అన్నాడట. ఈ శుక్రవారం కూడా మా టేబుల్ మీద ఇడ్లీకి చోటు దొరికేలా లేదు.