మా తాత బాకీ, నా బాకీ

మా తాత కామందు దగ్గర పాలేరు. మేనత్త పెళ్లికి తీసుకున్న బాకీ కింద పదకొండేళ్లు జీతమున్నాడు. ఆ బాకీ యెంతో, యెంత తీరిందో ఆయనకెవరూ చెప్పలేదు. నా బాకీ యెంతో నాకు పైసలతో సహా తెలుసు. మూడు తరాల్లో మా యింటికొచ్చిన అభివృద్ధి అదీ.

నేను కోనసీమ మాలపల్లె పిల్లని. అమ్మ వరినాట్లకెళ్లేది, నడుం పడిపోయేక వొక ఆసుపత్రిలో ఆయాగా చేరింది. నెత్తుటి గుడ్డలెత్తే అమ్మకి ఏసీ గదిలో కూచునే అడ్మినిస్ట్రేటర్ మేడమ్ దేవతలా కనిపించింది. "నువ్వలాగ కూకోవాలే అమ్మాయ్" అంది. డిగ్రీ దాకా ఫీజు రీయింబర్స్‌మెంటు మీద చదివేను. 2021లో హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ పీజీలో చేరేను. అప్పటికే, 2020 డిసెంబర్‌లో, సర్కారు జీవో 77 తెచ్చి ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లని ఆ పథకంలోంచి గెంటేసింది. మిగిలింది బేంకే.

బేంకు నాలుగు లక్షలిచ్చింది. నాలుగు దాకా తాకట్టు అక్కర్లేదు. ఆపైన కావాలంటే జామీను తెమ్మన్నారు. నా అప్పు నాలుగు దగ్గరే యెందుకాగిందో వేరే చెప్పాలా? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాణ్ణించీ యీ డెల్టాలో యెకరం బంగారమయ్యింది. ఆ యెకరమే బేంకులో జామీనుగా కూచుంటుంది. మాకున్నది కాలవ గట్టుమీద పాక.

లెక్క వినండి. చదివే రెండేళ్లు, ఆపైన వొక యేడాది కిస్తీ లేదు. వడ్డీ మాత్రం నిద్రపోదు. 11 శాతం. మొదటేడు రెండు లక్షలు, రెండో యేడు రెండు లక్షలు యిచ్చేరు గనక మూడేళ్లకి వడ్డీ 1,10,000. 2024లో కిస్తీ మొదలయ్యేసరికి బాకీ 5,10,000. యేడేళ్లలో తీర్చాలంటే నెలకి 8,700 పైచిలుకు. నా జీతం 14,000. రాజమండ్రిలో గది, తిండి, ఆటో మీరే తీసెయ్యండి. "పదిహేనేళ్లకి పెంచుకోమ్మా, తేలికవుద్ది" అన్నాడు బేంకాయన. నిజమే, కిస్తీ 5,800కి దిగుద్ది. తీసుకున్న నాలుగు లక్షలకి కట్టేది పది లక్షల నలభై వేలు. మా తాత కామందు కూడా యిలాగే జాలిపడేవాడంట.

పేదోళ్ల పిల్లలకి చదువుకాలం వడ్డీ కేంద్రమే కట్టే పథకం 2009 నించీ వుంది. 2018 తర్వాత న్యాక్ గానీ ఎన్‌బీఏ గానీ గుర్తింపు లేని చోట చేరితే అది రాదు. నేను చేరిన చోటికి ఆ గుర్తింపు లేదు. ఫీజు కట్టించుకున్న రోజున ఆ ముక్క చెప్పిన నోరే లేదు.

యిక నా కుర్చీ. బిల్లింగ్ కౌంటరు పక్కన వో బల్ల. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై యిప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అయిన పథకం కాయితాలు చూడాలి. పేదోళ్లతో నేనైతే బాగా మాట్లాడతానంట. అడ్మినిస్ట్రేటర్ గదిలో వున్నది యజమాని బావమరిది. ఆయన చదివింది బీకాం. ఆ కుర్చీకి నా డిగ్రీ కన్నా ఆయన యింటిపేరు పెద్దది. మా పెద్దమ్మ కూతురు నర్సయ్యింది. దానికి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషనుంది, యే ఆసుపత్రికెళ్లినా ఆ కాయితం పలుకుద్ది. నా డిగ్రీకి అలాంటి కౌన్సిల్ లేదు, యజమాని యెంతంటే అంతే. సర్కారు ఆసుపత్రిలో సూపరింటెండెంటు కుర్చీ డాక్టర్లది. ప్రైవేటులో రిజర్వేషన్ లేదు. మరి నన్నెక్కడ కూచోమంటారు? నర్సింగంటే చిన్నచూపు చూసింది నేనే, అదీ వొప్పుకుంటున్నాను.

"అప్పెంత, రాబడెంత తూచుకుని చదవాలి" అని సలహాలిచ్చే పెద్దమనుషులారా, ఆ తక్కెడ యెవరి చేతిలో వుంది? యిదే కోర్సు, యిదే అప్పు కామందు మనవడు తీసుకుంటే నాన్న వో పంట డబ్బుతో కట్టేస్తాడు, మేనమామ ఆసుపత్రిలో గదిస్తాడు. రాయి వొకటే గానీ మోసే నెత్తి వేరు.

మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' నాటకంలో పాలేరు కుర్రాడు చదివి పెద్ద ఆఫీసరవుతాడు. ఆ నాటకం చూసొచ్చే మా తాత అమ్మని బడికంపేడు, అయిదో క్లాసు దాకా. అంబేద్కర్‌కీ చదువు బాకీ తప్పలేదు. 1913లో బరోడా సంస్థానం డబ్బిచ్చి పదేళ్లు కొలువు చెయ్యాలని రాయించుకుంది. 1917లో కొలువుకెళ్తే ఆ వూళ్లో వుండటానికి గది దొరకలేదు, తిరిగొచ్చేసేడు. ఆయన వైస్రాయి కౌన్సిల్లో వున్నప్పుడే, 1944లో, మన పిల్లలకి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. అది అప్పు కాదు, భిక్షా కాదు. దాన్ని అప్పుగా మార్చినోళ్లని నిలదియ్యాలా, నన్ను లెక్కలు నేర్చుకోమనాలా?

ఉద్యమ మిత్రులారా, మీమీదా నాకు కోపముంది. విగ్రహం చెయ్యి విరిగితే రోడ్డెక్కుతాం, యెక్కాలి కూడా. 2022లో కోనసీమ జిల్లాకి ఆయన పేరు పెడుతుంటే అమలాపురంలో యిళ్లు తగలబెట్టినోళ్లని చూసేం. కానీ పేటలో వొక్క పిల్ల బేంకు కాయితం మీద సంతకం పెట్టే ముందు కూచుని చదివి చెప్పే మనిషి మన సంఘంలో వున్నాడా? నిరుడు చదివి వెళ్లినోళ్లకి జీతాలెంతొస్తున్నాయో రాసివ్వమని వొక్క కాలేజీ గేటు ముందైనా కూచున్నామా?

మొన్న సంక్రాంతికి మా పిన్ని కూతురు అదే కోర్సు బ్రోచర్ పట్టుకొచ్చింది. "నువ్వు చదివేవు గదక్కా" అంది. చదవొద్దని నేననను. నా పేస్లిప్పూ బేంకు పుస్తకమూ తీసేను. "అదెందుకే చూపిత్తావ్, పరువు పోద్ది" అని అమ్మ నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని దాని ముందు పెట్టేను.