బటన్ ఉందని మురవకండి, టైరు పుట్టిన ఏడు చూడండి

పోస్టు జర పెద్దగనే ఉంటది. కొందరికి కోపం కూడ రావచ్చు. అయినా చివరిదాక చదవండి, ఎందుకంటే ఇందులో మొదటి తప్పు నాదే.

మొన్న యాసంగి కోతలప్పుడు నా ట్రాలీ టైరు పేలింది. కోత మిషన్ కాడ వడ్లు నింపుకొని ఐకేపీ సెంటరుకు పోతున్న. అటుఇటుగా నాలుగు టన్నుల బరువు. వడ్ల మీద ఇద్దరు ఆడకూలీలు కూసున్నరు, సెంటరు కాడ ఆరబోయనీకి వస్తున్నరు. కాలువ కట్ట దిగే మలుపుల బాంబు పేలినట్టు చప్పుడైంది. ట్రాలీ ఎడమ దిక్కు ఒరిగి కట్టకు ఆనుకుంది. కట్ట లేకపోతే బోల్తానే. ఒకామె కింద పడ్డది, చెయ్యి ఇరిగింది. ఇంకొకామె వడ్లల్ల కూరుకుపోయి బయటపడ్డది.

ఊర్లె అందరు ఒకటే మాట: "గ్రహచారం బాగలేదు", "ఎండకు పేలింది", "టైరుకేమైంది, బటన్ మంచిగనే ఉండె గదా". నేను కూడ రెండు రోజులు అదే చెప్పుకొని తిరిగిన. దవాఖాన్ల ఆ అక్క ఒక్క మాటన్నది: "తమ్మీ, నీ టైరు ముసల్దైందని మాకెవరు చెప్పిండ్రు?" ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఈ పోస్టు ఆ మాట కోసమే రాస్తున్న.

ఇంటికొచ్చి పేలిన టైరును తిప్పి చూసిన. పక్కగోడ మీద చిన్న గుండ్రటి గడిలో నాలుగు అంకెలుంటయి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. నా టైరు మీద 2311 అని ఉంది. అంటే 2011ల 23వ వారం తయారైంది. నేను కొన్నది 2021ల, సెకండ్ హ్యాండ్‌ల. అప్పటికే పదేళ్ల టైరు. పైన కొత్త రబ్బరు అతికించి రీట్రేడ్ చేసిండ్రు కాబట్టి బటన్ లోతుగ, నల్లగ మెరిసింది. నేను పై తోలు చూసిన, లోపలి నరాలు చూడలే. అమ్మినోడు చెప్పలేదు, నిజమే. కాని నేను అడగలేదు గదా!

మంచి గుల్లకు, సరిగ్గ చేస్తే రీట్రేడింగ్ తప్పు కాదు. లారీలోళ్లు, బస్సులోళ్లు లెక్క ప్రకారం చేయించుకుంటరు. కాని వాళ్ల టైరు రోజూ తిరుగుతది, ఏళ్లు కాకముందే అరిగిపోతది. మన ట్రాలీ సంగతి వేరు. కోతలప్పుడు, ఎరువు తోలేటప్పుడు తప్ప మిగతా రోజులు ఎండల పడి ఉంటది. అరగదు, కాని ముసల్దైతది. ఎండ, గాలి తగిలి రబ్బరు గట్టిపడి పగుళ్లు వస్తయి. రబ్బరును కాపాడే మైనం లాంటి పదార్థం టైరు తిరుగుతుంటేనే పైకి వస్తది. నిలబెట్టిన టైరుకు ఆ రక్షణ కూడ తక్కువ. అందుకే మన ట్రాలీకి బటన్ చూసి వయసు చెప్పుడంటే, రంగేసిన జుట్టు చూసి మనిషి వయసు చెప్పినట్టే.

ఇంకో పెద్ద అబద్ధం: ఎండకాలం గాలి తగ్గించాలె, లేకుంటే పేలుతది అని. మా నాయన చెప్పిండు, నేను పాటించిన, నా కొడుక్కు కూడ చెప్పిన. ఇది తిరగేసిన మాట. గాలి తక్కువైతే బరువుకు పక్కగోడ తిరిగిన ప్రతిసారి ఎక్కువ మడత పడతది. మడత పడ్డ కొద్ది లోపల వేడి పుడతది. ఆ వేడికి పొరలు విడిపోయి టైరు పేలుతది. పాత టైరు, తక్కువ గాలి, ఎక్కువ బరువు, ఏప్రిల్ ఎండ: ఈ నాలుగు ఒక్కకాడ కూడితే ఇంక గ్రహచారమెందుకు?

ఇప్పుడు మీరనే మాట నాకు తెలుసు. "వడ్లకు ధరే గిట్టుబాటు కాదు, తరుగు పేరు మీద కోత పెడుతున్నరు, కొత్త టైర్లకు పైసలెక్కడివి?" ఈ బాధ నాకూ ఉంది, నేనూ ఆ కాంటా ముందు నిలబడేటోన్నే. కాని ఇంకో నిజం కూడ ఒప్పుకుందాం. ట్రాక్టర్ పెద్ద టైరు అరిగితే అప్పు చేసైనా మారుస్తం, లేకుంటే దమ్ముల జారుతది. ట్రాక్టర్ మీద పాటల డబ్బాకు పైసలు దొరుకుతయి. ట్రాలీ టైరు కాడికి వచ్చేసరికే మనకు పేదరికం గుర్తుకొస్తది. ఎందుకు? ట్రాక్టర్ మీద కూసునేది మనం, ట్రాలీల కూసునేది కూలోళ్లు. చేదుగ ఉన్నా ఇదే అసలు సంగతి.

పొదుపు అంటరు దీన్ని. రెండు కొత్త టైర్లు, ట్యూబులు, ఫ్లాపులు కలిపి నాకు 23 వేలైంది. ఆ అక్క దవాఖాన ఖర్చు, కాలువల పోయిన వడ్లు, ఒంకరైన రిమ్ము, ఇయన్ని కలిపితే అంతకన్న ఎక్కువైంది. ఆమె పోగొట్టుకున్న సీజన్ కూలి ఇంకా ఈ లెక్కల రాలే. కొంత ఇచ్చిన, మిగతాది ఇయ్యాలె. నేను మిగిలించుకున్న పైసలు ఆమె చెయ్యి మీద ఖర్చైనయి. దాన్ని పొదుపు అనరాదు.

2018 జూన్‌ల యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ కాడ కూలీల ట్రాక్టర్ మూసీ కాలువల పడి పదిహేను మంది పోయిండ్రు. అది టైరు పేలి జరిగింది కాదు. కాని ట్రాలీల మనుషులుంటే ఒక్క చిన్న తప్పు ఎంత మందిని మింగుతదో మనకు తెలియదని మాత్రం ఇంక అనరాదు. ట్రాలీ సరుకుకు చేసింది. పట్టుకునే కడ్డీ ఉండదు, మన ట్రాలీలకు చాలా వరకు బ్రేకులు కూడ ఉండయి. మనుషుల్ని ఎక్కించుడు చట్టం ఒప్పుకోదు, ప్రమాదమైతే షరతు తప్పిండ్రని ఇన్సూరెన్సోళ్లు కోర్టుకు పోతరు. నేను ఇప్పుడు ఆటో మాట్లాడుతున్న. కిరాయి నాకు బరువే. అయినా ఆ బరువు నాదే, కూలికొచ్చినోళ్లది కాదు.

మీరు ఏం చెయ్యాలె అంటే ఇంతే.

పొద్దున లేచి ట్రాలీ కాడికి పోయి ఆ నాలుగు అంకెలు చూడండి. మట్టి పట్టి ఉంటది, తుడవండి. లోపలి దిక్కు ఉండొచ్చు, వంగి చూడండి. ఐదేళ్లు దాటితే ఏటా తెలిసినోళ్లకు చూపించండి. పదేళ్లు దాటితే బటన్ ఎంతున్నా తీసెయ్యండి, పెద్ద టైరు కంపెనీలే ఈ మాట చెప్తయి. పగుళ్లు, ఉబ్బులు, బయటపడ్డ దారాలు కనబడితే ఏళ్లు లెక్కపెట్టే పని లేదు. ఒకటి పేలితే రెండోది కూడ మార్చండి. అది కూడ అదే ఎండల, అదే బరువు మోసింది. సైజు, ప్లై రెండు దిక్కులా ఒకటే ఉండాలె. గాలి, బరువు ఎంతవరకో టైరు మీదనే రాసి ఉంటది, చల్లగ ఉన్నప్పుడు గాలి చూపించండి. లాక్ రింగు చక్రమైతే గాలి కొట్టేటప్పుడు ఎదురుగ నిలబడకండి. పని లేనప్పుడు ట్రాలీని నీడకు పెట్టండి, ఇరుసు కింద దిమ్మలు పెట్టి టైర్ల మీద బరువు తియ్యండి. కొనేటప్పుడు బేరం కన్న ముందు తయారైన ఏడు అడగండి. చూపియ్యనోని దుకాణం దిగి రండి.

పేలిన టైరును నేను పారెయ్యలే. ఇంటి ముందు గోడకు ఆనించి పెట్టిన, 2311 అన్న దిక్కు బయటికి. ట్రాలీ కిరాయికి అడిగేతందుకు వచ్చినోళ్లందరికి చూపిస్తున్న. కొందరు నవ్వుతున్నరు, నవ్వనీ. నిన్న ఒక పిల్లగాడు నవ్వుకుంట పోయి, సాయంత్రం మళ్లొచ్చి, "పెద్దనాయనా, మా దాని మీద 0912 ఉంది" అన్నడు. వాని మొఖంల నవ్వు లేదు.

మీ దాని మీద ఎంతుందో చూసుకోండి.