సాయం కాదమ్మా, ఉద్యోగం అనండి

"పచ్చళ్ళ పనిలో కాస్త సాయంగా ఉంటుందని ఒకావిడను పెట్టుకున్నానండీ." మూడేళ్ళ క్రితం నేను అందరితో చెప్పిన మాట ఇది. బ్లౌజులు కుట్టేవాళ్ళు, పిండివంటలు అమ్మేవాళ్ళు, కేకులు చేసేవాళ్ళు, ఇంట్లోంచి వ్యాపారం మొదలుపెట్టిన నా స్నేహితురాళ్ళంతా ఇదే అంటారు. ఆ "సాయం" అనే మాటతోనే ఈరోజు నా పోట్లాట.

సాయం అంటే పక్కింటి పిన్నిగారు వచ్చి నాలుగు అప్పడాలు వత్తి వెళ్ళడం. రేపు వాళ్ళింట్లో పనుంటే మనం వెళ్తాం. పొద్దున తొమ్మిదింటికి వచ్చి, మన లాభం కోసం సాయంత్రం దాకా ఒళ్ళు వంచే మనిషిది సాయం ఎలా అవుతుంది? అది ఉద్యోగం. ఉద్యోగం అంటే జీతం, వేళలు, సెలవు అన్నీ ఇవ్వాలి కాబట్టి, మనం తెలివిగా సాయం అని పేరు పెట్టుకున్నాం.

నా సంగతే చెప్తాను. ఆవకాయ రోజులు. ముక్కలు కొట్టించి తెచ్చాక జీడి తీసి, పొర తీసి, ఒక్కో ముక్కా తడి లేకుండా తుడవాలి. ఆర్డర్లు పెరిగాయి. ఆరింటికి వెళ్ళాల్సిన మనిషిని వారం పాటు రాత్రి తొమ్మిది దాకా ఉంచాను. "ఎలాగూ ఉన్నావుగా అక్కా" అంటూ మా ఇంటి అంట్లు కూడా తోమించాను. వారం చివర ఒక సీసా ఆవకాయ, రెండుసార్లు కట్టిన చీర చేతిలో పెట్టి, ఏదో గొప్ప దానం చేసినట్టు మురిసిపోయాను.

సోమవారం ఆవిడ రాలేదు. ఫోన్ చేస్తే "చేతులు మండిపోతున్నాయమ్మా, నేనింక రాను" అంది. నేనేం చేశాను? "ఎంత చేసినా విశ్వాసం ఉండదు వీళ్ళకి" అని చుట్టాలందరికీ చెప్పుకున్నాను.

ఆ నెలాఖరున లెక్కల పుస్తకం తీశాను. మామిడికాయలు, ఆవపిండి, నువ్వులనూనె, సీసా, మూత, స్టిక్కరు, కొరియరు. పైసాతో సహా అన్నీ ఉన్నాయి. మూత ఖరీదు ఉంది, మనిషి ఖరీదు లేదు! ఆవిడకిచ్చేది నేను ఇంటిఖర్చులో రాశాను. అంటే నా మనసులో ఆవిడ నా వ్యాపారంలో లేనే లేదు.

2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు జీతం లేని ఆ పనికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్ళు పెట్టేది 97 నిమిషాలని తేలింది. ఆ అంకెలు చూసి మనం ఎంత మండిపడ్డాం! మన చాకిరీకి విలువ కట్టలేదని మొగుళ్ళను, అత్తగార్లను నిలదీసిన మనమే, చేతికి కాస్త అధికారం రాగానే ఇంకో ఆడదాని పనికి విలువ కట్టం. ఇంతకన్నా సిగ్గుచేటు ఉందా?

"ఇంటి మనిషిలా చూసుకుంటున్నాం కదా" అంటారు. ఇంటి మనిషికి జీతం ఉండదనీ, ఆదివారం ఉండదనీ మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ మర్యాద ఆమెకొద్దు.

"నాకే మిగలడం లేదు, ఆవిడకెక్కడ ఇవ్వను?" అంటారు. రోజుకు 500 ఇచ్చి, 20 సీసాలు తయారైతే సీసాకు 25 రూపాయలు. ఆ పాతిక కలిపి అమ్మలేకపోతే మన ధర తప్పు. లేదంటే మన కస్టమర్లకు చవకగా పచ్చడి పెడుతున్నది మనం కాదు, ఆవిడ.

"పని నేర్చుకుని సొంతంగా పెట్టుకుంటుంది" అని ఇంకో భయం. పెట్టుకోనివ్వండి. మనం మాత్రం అత్తగారి దగ్గర నేర్చుకుని పెట్టుకోలేదూ!

చట్టం చూసుకుంటుందిలే అనుకోవద్దు. ఈఎస్‌ఐ వర్తించాలంటే మామూలుగా పదిమంది ఉండాలి, పీఎఫ్‌కు ఇరవైమంది. మన వంటింట్లో ఒక్కరే ఉన్నచోట ఆమెకు దిక్కు మన మనస్సాక్షే. అందుకే మొదటిరోజే చెప్పండి: పని ఏది, వేళ ఎంత, వేళ దాటితే గంటకెంత, వారంలో సెలవు ఏ రోజు, జీతం ఏ తేదీన. కాగితం మీద రాసి ఇద్దరి దగ్గరా ఉంచండి. పని చూద్దామని వారం రోజులు రమ్మంటే ఆ వారానికీ డబ్బివ్వండి. వ్యాపారానికి వచ్చిన మనిషి చేత ఇంటి అంట్లు తోమించకండి.

నలభై లోపు వయసుంటే ప్రధానమంత్రి శ్రమయోగి మాన్‌ధన్ గురించి చెప్పండి. 29 ఏళ్ళ వయసులో చేరితే నెలకు 100 రూపాయలు, ప్రభుత్వం ఇంకో 100 వేస్తుంది. అరవై దాటాక నెలకు 3,000 పింఛను. ఆ వంద మనమే జీతానికి కలిపి ఇస్తే మన కొంప మునగదు.

నేను ఆవిడ ఇంటికి వెళ్ళి మళ్ళీ పిలిచాను. వెంటనే ఒప్పుకోలేదు. "ఆరింటికి వెళ్ళిపోతానమ్మా, గ్లవ్స్ కావాలి, చీరలొద్దు, డబ్బులివ్వండి" అంది. మూడూ రాసుకున్నాను. సీసా ధర పాతిక పెంచితే ఇద్దరు కస్టమర్లు మానేశారు. ఆవిడ మాత్రం ఇప్పటికీ వస్తోంది. లెక్కల పుస్తకంలో ఇప్పుడు మొదటి వరుస ఆవిడ జీతం. మూత ఆ తర్వాతే.

మీ పుస్తకం కూడా ఒకసారి తీసి చూడండి. ఏ వరుస లేదో మీకే కనిపిస్తుంది.