తగ్గింపు కూపనులు: మన ఇంటి పద్దు

ఆడి మాసము ప్రవేశింపగానే వేలూరు బజారులో బట్టల దుకాణముల ముందు తగ్గింపు పలకలు వ్రేలాడుట మనము చిరకాలముగా చూచుచున్నదే. శుభకార్యములు లేని నెల గనుక బేరములు మందగించును. నిలిచిపోయిన సరకును వర్తకుడు వెల తగ్గించి వదలించుకొనును. ఇందు దాపరికమేమియు లేదు. చీర అంచు పట్టి చూచి, నేత పరికించి, కొసరు కోరి కొనుట మన పెద్దలకు తెలియని విద్య కాదు. ఇప్పుడా పలక చేతిఫోనులోనికి వచ్చి చేరినది. ఏడాది పొడుగునను ఆడి మాసమే!

ఈ పద్ధతి మిక్కిలి పాతది కాదు. 2008లో అమెరికాలోని చికాగో నగరమున గ్రూపాన్ అను సంస్థ దినమున కొక తగ్గింపు బేరమును ప్రకటింప మొదలిడెను. మన దేశమున స్నాప్‌డీల్ కూడ 2010లో అట్టి కూపనుల వ్యాపారముతోనే ఆరంభమై, పిదప సకల సరకుల అంగడిగా మారినది. 2013 సెప్టెంబరులో ఉల్లి ధర మండిపోవుచుండగా గ్రూపాన్ వారి భారతీయ శాఖ కిలో 9 రూపాయలకే ఇత్తుమని ప్రకటింపగా, జనుల తాకిడికి ఆ వెబ్‌సైటే స్తంభించిపోయినది. ఆ ధరకు ఉల్లి అమ్మి ఎవరును లాభము గడింపలేరు. కొత్తవారిని తమ గుమ్మము త్రొక్కించుటయే అందలి ప్రయోజనమని మా తలంపు.

కూపను వలన ఆదా లేనే లేదని మేము వాదించుట లేదు. పనిదినములలో ఖాళీగా నుండు భోజనశాల సగము ధరకు భోజనము పెట్టిన అది నిజమైన తగ్గింపే. కొనవలెనని ముందే నిశ్చయించుకొనిన కుక్కరు తక్కువ ధరకు దొరికిన సంతోషమే. చిక్కు లెక్కలో నున్నది. 600 రూపాయల సరకు కావలసిన ఇల్లాలు, 999 రూపాయలకు కొనినచో 150 తగ్గింపు అను ప్రకటన చూచి, అక్కరలేని 399 రూపాయల సరకును చేర్చినదనుకొందము. ఆమె చెల్లించునది 849. నూటయేబది మిగిల్చితినని సంతసించును గాని, ఇంటి పద్దులో 249 రూపాయలు అదనముగా వ్యయమైనవి. చెన్నపట్టణపు హోటలు కూపను పట్టుకొని గుడియాత్తము నుండి నలుగురు బయలుదేరిన, తగ్గింపంతయు రైలు, ఆటోల పాలగును. ఏటిలో వేసినను ఎంచి వేయుమని గదా మనవారి మాట.

మన కుటుంబములకు వేరొక ఇబ్బంది కూడ గలదు. షరతులు సాధారణముగా ఇంగ్లీషులో, అతి చిన్న అక్షరములలో నుండును. ఇంటి డబ్బు పెత్తనము చేయు అవ్వగారికో అమ్మగారికో తెలుగు చదువ వచ్చును గాని ఇంగ్లీషు రాదు. పిల్లలకు ఇంగ్లీషు వచ్చును గాని ఇంటిలో పప్పు ఎంత యున్నదో తెలియదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిదప బడులలో తెలుగు సన్నగిల్లి, ఈ ఎడము మరింత పెరిగినది. కావున డబ్బు చెల్లింపక పూర్వము, పిల్లలు ఆ షరతులను పెద్దలకు తెలుగులో విప్పి చెప్పవలెనని మా కోరిక. గడువు ఏనాటిది? ఆదివారము చెల్లునా? వద్దన్నచో సొమ్ము బ్యాంకునకే తిరిగి వచ్చునా, లేక వారి ఖాతాలోనే చిక్కుకొనునా? ఈ పాటి తెలుగు చెప్పలేని పిల్లవానికి, అది నేర్చుటకు కూడ ఇదియే మంచి అదను.

ఇంకను పది నిముషములే గడువు, రెండే మిగిలినవి అని తొందరపెట్టు మాటలకు లొంగరాదు. ఇట్టి బూటకపు తొందరను, అడుగని వస్తువును బుట్టలో దూర్చుటను, చివర రుసుములు బయటపెట్టుటను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న వెలువరించిన మార్గదర్శకములలో నిషేధించినది. అందు పేర్కొనిన మాయోపాయములు 13.

ధరలో తేడా స్వల్పమైనపుడు ఊరి అంగడినే ఆదరింపుడని మా మనవి. గుడియాత్తపు మగ్గముపై నేసిన లుంగీని దూరపు గిడ్డంగి నుండి తెప్పించుకొను కాలము వచ్చినందుకు నవ్వవలెనో ఏడ్వవలెనో! నెలాఖరున అరువిచ్చునది వీధి చివరి కోమటియే గాని యాప్ కాదు. అయితే ఆ కోమటియు బిల్లు అడిగిన ముఖము ముడుచుకొనుట, అమ్మిన వస్తువు మార్చననుట మానవలెను.

బహుమతి వచ్చినదని, కూపను గీకి చూడుమని, సొమ్ము జమయగుటకు యూపీఐ పిన్ను కొట్టుమని సందేశములు వచ్చుచుండును. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను అవసరమే లేదు. అడిగినవాడు మోసగాడే. అట్లు సొమ్ము పోయినచో క్షణమైనను జాగు చేయక 1930కి ఫోను చేయవలెను. కొనిన వస్తువు విషయమున అన్యాయము జరిగినచో జాతీయ వినియోగదారుల సహాయవాణి సంఖ్య 1915. అచట తెలుగులోను ఫిర్యాదు చెప్పుకొనవచ్చును.