బొమ్మకు చుక్క, అక్షరానికి గీత

సావనీరు పనులు మొదలయ్యే రోజులు వచ్చాయంటే చాలు, సంఘంలో ఎవరో ఒకరు నన్ను ఒక ప్రశ్న అడుగుతారు. "మా వాడు కార్డులూ కరపత్రాలూ తయారు చేస్తానంటున్నాడు. ఫొటోషాప్ నేర్పించమంటారా, కోరల్‌డ్రా నేర్పించమంటారా?" అని. ఈసారి మన శీర్షికలో దానికే జవాబు. అయితే ముందుగా మన చెన్నైలో జరిగిన ఒక పొరపాటు చెప్పాలి. అందులో నా వంతు కూడా ఉంది.

ఆదివారం ఆదివారం మన పిల్లల చేత తెలుగు అక్షరాలు దిద్దించిన మాస్టారు నిరుడు కాలం చేశారు. సంస్మరణ సభకు ఒక పేజీ కరపత్రం వేయించాలనుకున్నాం. మన కుర్రవాడొకడు రాత్రంతా కూర్చుని ఫొటోషాప్‌లో తయారు చేశాడు. పైన మాస్టారి ఫొటో, కింద నాలుగు మాటలు. ప్రూఫులో ఫొటో బాగానే వచ్చింది గానీ, అక్షరాల అంచులు ఊలుదారంలా నూగునూగుగా ఉన్నాయి. "మేటర్ పంపండి, అక్షరాలు మేమే పెడతాం" అన్నారు ప్రెస్సువారు. పంపాం. టైము లేదని రెండో ప్రూఫు చూడకుండానే అచ్చు వేయమన్నది నేనే. మర్నాడు వచ్చిన 500 ప్రతుల మీద పెద్ద అక్షరాలతో "శ్‌రద్‌ధాంజలి" అని ఉంది.

ప్రెస్సు కుర్రవాణ్ణి ఏమని లాభం లేదు. అతను తమిళుడు. వాళ్ళ లిపిలో హల్లు మీద పుళ్ళి పెట్టి, పక్కనే తరువాతి అక్షరం రాయడం పద్ధతి. మన పొల్లు అతని కంటికి తప్పుగా తోచదు. మాస్టారి భార్య ఆ కాగితం చదివి, మడిచి సంచిలో పెట్టుకున్నారు. ఏమీ అనలేదు. మా అందరికీ ఒత్తులు నేర్పిన మనిషి కాగితం మీద ఒత్తులు లేకపోయాయి.

ఇక విషయానికి వద్దాం. 1990లో వచ్చిన ఫొటోషాప్, ఉచితంగా దొరికే గింప్, ఇవి చుక్కల పని చేస్తాయి. గళ్ళు లెక్కపెట్టి కుట్టే క్రాస్ స్టిచ్ లాగా, బొమ్మంతా రంగు చుక్కలే. ఫొటోకు అదే సరైన పద్ధతి. కానీ పెద్దది చేస్తే గళ్ళు బయటపడతాయి. 1987లో వచ్చిన ఇలస్ట్రేటర్, 1989లో వచ్చిన కోరల్‌డ్రా, ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్, ఇవి గీతల పని చేస్తాయి. గీత ఎక్కడ మొదలై, ఎటు వంగి, ఎక్కడ ఆగాలో లెక్కగా దాచుకుంటాయి. అందువల్ల సంఘం చిహ్నాన్ని విజిటింగ్ కార్డు మీద వేసినా, వేదిక వెనుక బ్యానరు మీద వేసినా అంచు చెదరదు. తెలుగు అక్షరమంతా వంపులే కనుక, దాని చోటు ఇక్కడే.

ఫొటో విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోండి. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. ఎ4 పేజీ నిండా ఫొటో రావాలంటే 2480 × 3508 చుక్కలు ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది. పొడవు 1600 చుక్కలైతే, అచ్చులో అయిదంగుళాలకు కాస్త పైన మాత్రమే బాగుంటుంది. ఫొటోను డాక్యుమెంటుగా పంపమనండి, ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

నలుపు సంగతి మరొకటి. ఆఫ్‌సెట్‌లో నాలుగు రంగులకు నాలుగు ప్లేట్లు. ఫొటో సాఫ్ట్‌వేర్‌లో చేసిన నల్లక్షరం చాలాసార్లు నాలుగు రంగులూ కలిసిన నలుపుగా మారుతుంది. ప్లేటు వెంట్రుకవాసి జరిగినా చిన్న అక్షరాల పక్కన రంగు నీడ పడుతుంది. కోరల్‌డ్రాలో గానీ ఇలస్ట్రేటర్‌లో గానీ అక్షరాలకు ఒక్క నలుపు సిరానే 100 శాతం పెట్టండి.

కాబట్టి ఏదో ఒకటే నేర్చుకోవాలన్న పట్టుదల వద్దు. ఫొటోను ఫొటోషాప్‌లో గానీ గింప్‌లో గానీ శుభ్రం చేయండి. దాన్ని కోరల్‌డ్రాలోకో ఇంక్‌స్కేప్‌లోకో తెచ్చి, అక్షరాలు, చిహ్నం, అంచులు అక్కడ వేయండి. ఒక్కటితోనే మొదలుపెట్టాలంటే, మన కార్డులకూ కరపత్రాలకూ గీతల పనే ముందు నేర్పించమంటాను. పేజీలెక్కువున్న సావనీరుకు మాత్రం ఇన్‌డిజైన్ లాంటిది వేరే కావాలి.

పొరుగు రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్ళకు అన్నిటికన్నా ముఖ్యమైనది చివరి మెట్టు. ప్రెస్సులో మన ఫాంటు లేకపోతే అక్షరాలు చెదురుతాయి. అను ఫాంట్లతో చేసిన పాత ఫైళ్ళయితే అర్థంలేని గుర్తులుగా మారతాయి. రామభద్ర, మండలి, గిడుగు వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు వాడండి. పని పూర్తయ్యాక ఒక ప్రతి విడిగా దాచుకుని, రెండో ప్రతిలో అక్షరాలను గీతలుగా మార్చండి. కోరల్‌డ్రాలో దీన్ని కన్వర్ట్ టు కర్వ్స్ అంటారు. ఆ తర్వాత పి.డి.ఎఫ్. చేసి పంపండి. అప్పుడు ఏ కంప్యూటర్లో తెరిచినా ఒత్తు ఒత్తు కిందే ఉంటుంది. అయితే మార్చిన ప్రతిలో అక్షరాలు దిద్దడానికి వీలుండదు. అందుకే దాచిన ప్రతిని పారేయవద్దు.

ఇంత చేసినా, తెలుగు చదవగలిగిన మనిషి ప్రూఫును పైకి చదివి సంతకం పెట్టేదాకా అచ్చుకు ఒప్పుకోవద్దు. ఈ ఏడాది సావనీరులో మాస్టారి పేజీని మళ్ళీ వేస్తున్నాం. అదే కుర్రవాడు, ఈసారి గీతలతో చేస్తున్నాడు. ప్రూఫు ముందుగా వారింటికి తీసుకువెళ్ళి, అమ్మగారికి చూపించి వస్తాను.

మీ సందేహాలు రాస్తూ ఉండండి. వచ్చే సంచికలో కలుద్దాం.