పాత రీళ్ళు: తెర మీద కొడుకు ప్రతిజ్ఞ, తెర వెనక తండ్రి త్యాగం

కొత్త సినిమా రిలీజంటే చాలు, హీరో ఎవరు, డైరెక్టరు ఎవరు, ఫైట్లెన్ని, పాటలెన్ని అని ఆరా తీస్తారు మన కుర్రకారు. మంచిదే! కానీ ఆ బొమ్మ ఆడే హాలు గురించి ఎవరైనా అడుగుతారా? అడగరు. హాలంటే ఊళ్ళో చెరువులాగా ఎప్పట్నుంచో ఉన్నదే అనుకుంటాం. దాన్ని కట్టడానికి ఎవరో ఒకరు ఇల్లూ ఒళ్ళూ గుల్ల చేసుకుని ఉంటారనే ఆలోచనే రాదు.

ఈ వారం అలాంటి ఒక మహానుభావుణ్ణి తలుచుకుందాం. పేరు రఘుపతి వెంకయ్య. పుట్టింది 1869లో, మచిలీపట్నంలో. బతుకుతెరువు వెతుక్కుంటూ మద్రాసు చేరి, మౌంట్ రోడ్డులో ఫోటో స్టూడియో పెట్టుకున్నారు. చేతిలో పనుంది, పేరుంది, నాలుగు రాళ్ళూ వస్తున్నాయి. ఇంకొకరైతే అక్కడితో హాయిగా సర్దుకుపోయేవారు.

వెంకయ్యగారు సర్దుకోలేదు. బొమ్మ కదిలితే, దానికి తోడు గ్రామఫోను ప్లేటులోంచి శబ్దం వినిపించే 'క్రోనో మెగాఫోన్' అనే యంత్రం వచ్చిందని తెలిసింది. ఖరీదు ముప్ఫై వేలు! అదీ 1910 ప్రాంతంలో! అన్నం పెడుతున్న స్టూడియోనే తాకట్టు పెట్టి ఆ యంత్రం తెప్పించారు. మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాల్లో ప్రదర్శన ఇచ్చారు. ఆ తర్వాత యంత్రాన్ని వెంటబెట్టుకుని ఊరూరా తిరిగారు. బెంగుళూరు సరే, సముద్రం దాటి బర్మా, సిలోను కూడా వెళ్ళొచ్చారు. ఇప్పటి మన భాషలో చెప్పాలంటే ఒంటిచేత్తో నడిపిన టూరింగ్ టాకీస్ అన్నమాట!

తిరిగి తిరిగి ఆయన తెలుసుకున్నది ఒక్కటే. డేరా వేస్తే జనం వస్తారు. డేరా పీకేస్తే మరిచిపోతారు. సినిమాకి సొంత గూడు కావాలి. అంతే, 1914లో మౌంట్ రోడ్డు దగ్గర 'గెయిటీ' లేచింది. మద్రాసులో ఒక భారతీయుడు కట్టిన తొలి పక్కా సినిమా హాలు అదే. తర్వాత మింట్ వీధిలో 'క్రౌన్', పురసవాక్కంలో 'గ్లోబ్'. ఒకటి కాదు, మూడు హాళ్ళు!

హాళ్ళయితే ఉన్నాయి. మరి వాటిలో ఆడేవేవి? ఎక్కువగా విదేశీ మూకీలే. మన కథ మనమే తీయకూడదా అనిపించింది పెద్దాయనకి. తీసే విద్య ఎవరికొచ్చు? ఎవరికీ రాదు. అందుకని కొడుకు సూర్యప్రకాష్‌ని ఓడెక్కించారు. ఆ కుర్రాడు ఇంగ్లండులో పని నేర్చి, జర్మనీ, అమెరికా స్టూడియోలు కూడా చూసి తిరిగొచ్చాడు. తండ్రీకొడుకులు కలిసి 1921లో 'స్టార్ ఆఫ్ ది ఈస్ట్' కంపెనీ పెట్టారు. దాని స్టూడియోని 'గ్లాస్ స్టూడియో' అనేవారు. షూటింగు ఎక్కువగా ఎండ వెలుతురు మీదే నడిచే రోజులు కదా, ఆ వెలుతురు లోపలికి రావాలంటే గాజు కావాలి మరి!

అక్కడ తయారైందే 'భీష్మ ప్రతిజ్ఞ', తెలుగువాళ్ళు తీసిన తొలి మూకీ. డైరెక్టరు ప్రకాష్, భీష్ముడి వేషమూ ఆయనదే. గంగ వేషం పెగ్గీ కాస్టెల్లో అనే యువతి ధరించింది. ప్రకాష్ దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళలో ఒకాయన సి. పుల్లయ్య. అవును, 1934లో 'లవకుశ' తీసిన పుల్లయ్యగారే! 1963లో విడుదలైన రంగుల 'లవకుశ' మొదలుపెట్టిందీ ఆయనే. దాన్ని పూర్తి చేసింది ఆయన కొడుకు సి.ఎస్. రావు. చూశారా, ఇక్కడా తండ్రీకొడుకులే.

ఇప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. భీష్ముడి కథ ఏమిటి? తండ్రి సుఖం కోసం కొడుకు సర్వం వదులుకోవడం. తెర మీద ప్రకాష్ చేసింది అదే. కానీ తెర వెనక జరిగింది తిరగేసిన కథ! కొడుకు నేర్చిన విద్య కోసం, వాడు తీసే బొమ్మ కోసం, సర్వం ఒడ్డింది తండ్రి. కంపెనీ ఎంతోకాలం నిలవలేదు. అప్పులు మీద పడ్డాయి. చెమటోడ్చి కట్టుకున్న హాళ్ళు చేజారాయి. 1941లో వెంకయ్యగారు కన్నుమూశారు.

ఈవేళ గెయిటీ లేదు. 'భీష్మ ప్రతిజ్ఞ' చూద్దామన్నా ప్రింటు లేదు. 1980లో ప్రభుత్వం ఆయన పేరిట అవార్డు పెట్టింది. తొలి అవార్డు ఎల్.వి. ప్రసాద్‌గారికి. అదీ ఎంత సబబు! నటుడిగా మొదలై, దర్శకుడై, చివరికి మద్రాసులో ప్రసాద్ ల్యాబ్ నిలబెట్టిన ఆయన కూడా కట్టినవాడే కదా.

'తెలుగు సినిమా పితామహుడు' అని వెంకయ్యగారికి దండ వేసి ఊరుకుంటే ఏం లాభం? పితామహుడంటే గడ్డం నిమురుకుంటూ కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి గుర్తొస్తాడు. ఈయన కూర్చున్నదెప్పుడు? స్టూడియో తాకట్టు పెట్టాడు, యంత్రం మోశాడు, డేరా వేశాడు, హాళ్ళు కట్టాడు, కొడుకుని సముద్రం దాటించాడు. మీ ఇంట్లో కూడా మీ చదువు కోసం పొలమో, పుస్తెలో తాకట్టు పెట్టిన నాన్న ఉండే ఉంటాడు. ఆయన పేరు మీద అవార్డులుండవు. ఈసారి సినిమాకి వెళ్ళేటప్పుడు ఆయన్నీ వెంట తీసుకెళ్ళండి. టికెట్టు మాత్రం మీరే కొనాలి సుమా!

వచ్చే వారం మరో పాత రీలుతో కలుద్దాం.