బైలాడిలా నుంచి శస్త్రచికిత్సకు బయలుదేరే ముందు

బస్తరు పేరు వినగానే చదువరుల మనస్సులో మెదిలేవి దట్టమైన అడవి, ఇంద్రావతి, చిత్రకూట జలపాతం. వాటి వెంటనే ఆకలి. అంగన్‌వాడీ తూకంలో బరువు చాలని పిల్లలు, రక్తహీనతతో పాలిపోయిన తల్లులు ఉన్న సీమలో స్థూలకాయాన్ని గురించి, దానికి చేసే శస్త్రచికిత్సను గురించి మాట్లాడటం కొందరికి ఎబ్బెట్టుగా తోచవచ్చు. కాని ఒకే సంతలో బక్కచిక్కిన బాలింత, మోకాళ్ళు పట్టుకొని నడిచే స్థూలకాయురాలు ఎదురుపడే కాలం ఇది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఇంచుమించు ప్రతి నలుగురు స్త్రీలలో ఒకరు అధిక బరువుతో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ లెక్క నూటికి 36. ఛత్తీస్‌గఢ్‌లో అది చాల తక్కువ, నూటికి 14 మాత్రమే. ఆ తక్కువే ఒక ఇబ్బంది కూడాను. జబ్బు అరుదుగా కనిపించే చోట దాన్ని ఎరిగి చికిత్స చేసేవారూ అరుదుగానే ఉంటారు.

దంతేవాడ జిల్లాలోని బైలాడిలా కొండలను తీసుకుందాం. ఎద్దు మూపురం వలె కనిపించడం వల్ల వాటికా పేరు. హైదరాబాదు ప్రధాన కేంద్రంగా గల జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1968లో కిరందుల్‌లోను, 1977లో బచేలిలోను గనులు తెరచింది. విశాఖపట్నం రేవుకు ఇనుప ఖనిజాన్ని చేరవేయడానికి వేసిన రైలు మార్గం వెంట తెలుగు కుటుంబాలూ ఇక్కడికి చేరాయి. క్వార్టరు, నెల జీతం, దుకాణంలో నూనె, చక్కెర, కుర్చీలో కూర్చుని చేసే పని, పక్క వీధికీ స్కూటరు: స్థూలకాయానికి కావలసిన దినుసులన్నీ గని పట్టణంలో సమకూరాయి.

అటువంటి నివాసాలలో ఒక గృహిణిని ఊహించుకుందాం. వయస్సు 42, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 95 కిలోలు. పదేళ్ళుగా మధుమేహం. రాత్రి గురక, ఉన్నట్టుండి ఊపిరి ఆగినట్లై మెలకువ. పథ్యం చేసి పది కిలోలు తగ్గడం, ఏడాది తిరిగేసరికి పన్నెండు కిలోలు పెరగడం ఆమెకు అలవాటైన కథ. ఆమె శరీర ద్రవ్యరాశి సూచిక 39 దాటింది. మన దేశపు శస్త్రవైద్యులు చాలకాలంగా పాటిస్తూ వచ్చిన కొలత ప్రకారం ఈ సూచిక 37.5 దాటినవారికి, లేదా 32.5 దాటి మధుమేహం వంటి వ్యాధి కూడా ఉన్నవారికి శస్త్రచికిత్సను సూచించవచ్చు. 2022లో వెలువడిన అంతర్జాతీయ సూచనలు ఆ గీతను ఇంకా కిందికి దించాయి. ఆరోగ్య బీమా లెక్క వేరు. 2019 నాటి బీమా నియంత్రణ సంస్థ నియమం 40ని, లేదా అదుపుకు రాని మధుమేహం, తీవ్రమైన నిద్రాశ్వాస రోధం వంటివి ఉంటే 35ని అడుగుతుంది. వైద్యుడు తగునన్నంత మాత్రాన బీమా సంస్థ సరేననదు. ముందస్తు అనుమతి కాగితం చేతికి రాకుండా రైలు టిక్కెట్టు కొనడం తెలివైన పని కాదు. 2025లో మన దేశపు మార్కెట్టులోకి వచ్చిన, వారానికొకమారు తీసుకునే సూదిమందులు కొందరికి మరొక దారి చూపుతాయి. ఆ సంగతి కూడా వైద్యునితో చర్చించిన పిదపనే కత్తి మాట ఎత్తాలి.

శస్త్రచికిత్సలో ఎక్కువగా జరిగేవి రెండు విధాలు. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా కోసి తీసివేసి, అరటికాయ వంటి సన్నని గొట్టాన్ని మిగులుస్తారు. తీసినది తిరిగి రాదు. బైపాస్ పద్ధతిలో జీర్ణాశయం పైభాగాన చిన్న సంచిని వేరుచేసి, దాన్ని నేరుగా చిన్నప్రేవుకు కలుపుతారు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ 1966లో మొదలుపెట్టిన పద్ధతికి ఇది మెరుగుపడిన రూపం. ఈ చికిత్సలు వట్టి అందం కోసం కావు. స్వీడన్ దేశంలో 1987లో ఆరంభమైన అధ్యయనం శస్త్రచికిత్స పొందిన రెండు వేల పైచిలుకు మందిని, పొందని అంతమందితో పోల్చింది. పదేళ్ళకు పైబడిన పరిశీలన తరువాత, 2007లో, మొదటి వర్గంలో మరణాలు నాలుగో వంతుకు పైగా తక్కువని తేలింది. అనుభవం గల ఆస్పత్రులలో ఆపరేషను వల్ల ప్రాణాపాయం వెయ్యికి ఒకరు చొప్పున ఉంటుందని వైద్యుల అంచనా.

కాబట్టి భయపడవలసింది ఆపరేషను బల్లను చూసి కాదు. ఆ బల్ల విశాఖలోనో, హైదరాబాదులోనో, రాయపూర్‌లోనో ఉంటుంది. ఆ తరువాతి జీవితం కిరందుల్‌లో ఉంటుంది. కొత్తవలస నుంచి కిరందుల్‌కు సుమారు 445 కిలోమీటర్ల కొండదారి. వర్షాకాలంలో చరియలు విరిగిపడితే రైళ్ళు ఆగిపోవడమూ కద్దు. నగరవాసికి కడుపులో తేడా చేస్తే ఆటో ఎక్కి శస్త్రవైద్యుని ముందు వాలవచ్చు. ఇక్కడివారికి ఆ సౌకర్యం లేదు. అందుచేత బస్తరులో ఈ చికిత్సకు సిద్ధపడటమంటే, మారిన దేహం తిరిగి వచ్చేసరికి ఇంటినీ ఊరి వైద్యాన్నీ సిద్ధంగా ఉంచడమని అర్థం.

పరీక్షలతో మొదలుపెడదాం. రక్తంలో చక్కెర, థైరాయిడ్, గుండె, ఊపిరితిత్తులు, నిద్రలో శ్వాస, పిత్తాశయంలో రాళ్ళు, ఎండోస్కోపీ, ఇనుము, బి12, డి విటమిన్ల కొలతలు ఎక్కడైనా చేయించేవే. ఈ సీమ నుంచి వెళ్ళేవారు మరొకటి తప్పక అడిగి చేయించుకోవాలి. అది సికిల్ సెల్ పరీక్ష. గిరిజన కుటుంబాలలోనే గాక ఛత్తీస్‌గఢ్‌లోని మరికొన్ని కులాలలోనూ ఈ వంశపారంపర్య రక్తదోషం కనిపిస్తుంది. మత్తులో ప్రాణవాయువు తగ్గినా, ఒంట్లో నీరు తగ్గినా, చలి తగిలినా కొడవలి ఆకారపు రక్తకణాలు నాళాలను మూసివేయగలవు. మత్తుమందు ఇచ్చే వైద్యునికి ముందుగా తెలిస్తే జాగ్రత్త పడతారు. 2023 జులై 1న ప్రారంభమైన జాతీయ నిర్మూలన కార్యక్రమం కింద ఈ పరీక్ష ప్రభుత్వ ఆస్పత్రులలో ఉచితం. నగరపు ఆస్పత్రి గుర్తుచేస్తుందిలే అని ఊరుకోరాదు.

ఇక పొగాకు. మగవారిని బీడీ కాలుస్తావా అని వైద్యులు అడుగుతారు. ఆడవారిని అడగడం మరచిపోతారు. ఛత్తీస్‌గఢ్‌లో ఎందరో స్త్రీలు పళ్ళకు రుద్దుకొనే గుడాఖు పొగాకు ముద్దే. పళ్ళపొడి వంటిదని వారి నమ్మకం. నికోటిన్ ఏ దారిన ఒంట్లోకి వెళ్ళినా కుట్లు మానడాన్ని ఆలస్యం చేస్తుంది, బైపాస్ తరువాత పుండ్లు పుట్టిస్తుంది. కనీసం ఆరు వారాల ముందు మానాలి, తిరిగి ముట్టరాదు. ఆపరేషనుకు ముందు రెండు వారాలు వైద్యులు చెప్పే అల్పాహార నియమానికీ కారణముంది. కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయం జీర్ణాశయాన్ని కప్పుకొని ఉంటుంది. ఆ పథ్యంతో అది కుంచించుకుపోయి శస్త్రవైద్యుని చేతికి చోటిస్తుంది. ‘ఎలాగూ ఇక తినలేను కదా’ అని ఆ రెండు వారాలలోనే విందులు చేసుకొనేవారు తమ ఆపరేషనును తామే కష్టతరం చేసుకుంటున్నారు.

ఆ చివరి విందు కోరిక నవ్వదగినది కాదు. మనస్సును సిద్ధం చేయడమనే పని అక్కడే మొదలవుతుంది. అన్నం ఆకలి తీర్చేది మాత్రమే కాదు. పుట్టింటికి దూరంగా, భాష వేరైన చోట, భర్త షిఫ్టుకు వెళ్ళిన మధ్యాహ్నాలలో అది తోడు కూడాను. విసుగు వచ్చినా, దుఃఖం కలిగినా, కోపం దిగమింగినా వంటింట్లోకి నడిచే అలవాటు జీర్ణాశయాన్ని కోసినంతనే పోదు. కడుపు నాలుగు ముద్దలకే నిండుతుంది, మనస్సు నిండదు. ఆ రోజున చేతికి ఏమి చిక్కుతుందన్నది ముందుగా ఆలోచించుకోవలసిన సంగతి. ఒక పుస్తకంలో కొన్ని వారాలపాటు, తిన్నదాన్ని గాక, తినాలనిపించిన ఘడియలను రాసుకోమని నిపుణులు చెబుతారు. ఎవరూ లేనప్పుడు పట్టు తప్పి తినడం, అర్ధరాత్రి లేచి తినడం ఉంటే దాచక చెప్పాలి. చెబితే ఆపరేషను చేయరేమోనని దాచడం పరిపాటి. చెప్పినందువల్ల సాధారణంగా జరిగేది చికిత్స, తిరస్కారం కాదు.

కుంగుబాటు మరొకటి. తూకంలో అంకె తగ్గుతూంటే మనిషి సంతోషంగానే ఉంటుందని అందరూ అనుకుంటారు. కెనడాలోని ఒంటారియోలో 8,815 మందిని పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, శస్త్రచికిత్స తరువాతి కాలంలో ఆత్మహత్యా ప్రయత్నాల వంటి అత్యవసర సంఘటనలు మునుపటికంటే సగం మేర పెరిగాయి. మొత్తం మీద అవి జరిగినది కొద్దిమందికే. అయినా మునుపు కుంగుబాటుకు మందులు వాడినవారు ఆ చరిత్రను శస్త్రవైద్యునికి చెప్పాలి. ఇంట్లో ఒకరికైనా ఏ లక్షణాలు కనిపిస్తే ఊరుకోరాదో తెలిసి ఉండాలి. ఇక దాంపత్యం సంగతి. స్వీడన్‌లోనే జరిగిన మరొక పరిశీలన 2018లో రెండు విషయాలు చెప్పింది: చికిత్స పొందిన ఒంటరివారు కొత్తగా పెండ్లాడటం పెరిగింది, పెళ్ళయినవారిలో విడిపోవడమూ పెరిగింది. దేహం మారినప్పుడు ఇంట్లో ఎవరి స్థానం ఏమిటన్నది కూడా మారుతుంది కాబోలు. భర్తను వైద్యుని గది బయట బెంచీ మీద కూర్చోబెట్టక లోపలికి తీసుకొని వెళ్ళడం మంచిది.

‘అత్తయ్యా, రేపటి నుంచి నా విస్తట్లో ఇంతే వడ్డించండి’ అని ముందే చెప్పగలగాలి. వడ్డించేవారికి అది అలకగా తోచవచ్చు. పెళ్ళిళ్ళు, శ్రీకృష్ణ జయంతులు, డెబ్భై అయిదు రోజుల బస్తరు దసరా ఎదురుగా ఉంటాయి. ‘ఒక్క లడ్డూకేమవుతుంది’ అనేవారికి చెప్పే జవాబు కూడా సిద్ధంగా ఉండాలి. బైపాస్ చేయించుకున్నవారికి ఆ ఒక్క లడ్డూతోనే చెమటలు, గుండెదడ, విరేచనం పట్టుకోవచ్చు. స్థానిక కుటుంబాలలో మరొక మర్యాద ఉంది: ఇప్పసారా, లేదా సల్ఫీ అని ఇక్కడ పిలిచే జీలుగు కల్లు. పండుగలో దొప్ప అందుకోకపోవడం స్నేహాన్ని కాదన్నట్లే. అయితే ఆపరేషను తరువాత మద్యం రక్తంలోకి వేగంగా ఎక్కుతుంది, మునుపటి సగానికే తల తిరుగుతుంది, వ్యసనంగా మారే ప్రమాదమూ ఎక్కువ. దొప్పను కళ్ళకద్దుకొని పక్కవారికి అందించే పద్ధతిని ముందే పెద్దలతో మాట్లాడుకోవచ్చు.

తిండి విషయంలో బస్తరు పేద సీమ కాదు. మొదటి వారాలలో గుటక గుటకగా ద్రవాలు, తరువాత మెత్తని గుజ్జు, పిదప మెల్లగా మామూలు అన్నం. ఇక్కడి మండియా పేజ్, అంటే మన రాగి అంబలి, ఆ దశకు కుదురుతుంది. కాని అది ప్రధానంగా పిండిపదార్థం. రోజుకు 60 గ్రాములకు తక్కువ కాకుండా మాంసకృత్తులు కావాలి. సంతలో దొరికే ఉలవలను ఉడికించి వడగట్టిన చారు, గ్రుడ్డు, చెరువు చేప, పెరుగు, పప్పు వంతులవారీగా చేరాలి. నమిలి నమిలి తినాలి. తిన్న అరగంట దాకా నీరు తాగరాదు. విటమిన్ బిళ్ళలు కొన్ని నెలలకు కాదు, జన్మాంతం. సంతానం పొందే వయస్సువారు సుమారు ఏడాదిన్నర గర్భం దాల్చరాదు. బరువు తగ్గేకొద్దీ గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది, బైపాస్ తరువాత నోటి మాత్రలను నమ్ముకోలేము కనుక, మరొక సాధనం ముందే ఏర్పాటు చేసుకోవాలి.

ఆపరేషను అయిన మూడవ నాడే రాత్రి రైలు ఎక్కరాదు. కదలక కూర్చున్న కాళ్ళలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరవచ్చు. ఒకటి రెండు వారాలు ఆస్పత్రికి దగ్గరలో బస చూసుకొని, మొదటి పరీక్ష ముగించుకొని రావడం మేలు. ఆ బస ఖర్చును మొదటి లెక్కలోనే కలపాలి.

తిరిగి వచ్చిన తరువాత అన్నిటికంటె ప్రమాదకరమైనది అలవాటైన వైద్యం. బస్తరులో జ్వరం వస్తే ఎవరైనా మొదట అనేది మలేరియా అని. అది సహజమే. అయితే ఆపరేషనైన తొలి వారాలలో జ్వరం, నిమిషానికి 120 దాటిన నాడి, కడుపులోనో ఎడమ భుజంలోనో నొప్పి కలిసి వస్తే, కుట్టు వద్ద కారుతున్నదేమో చూడాలి. మలేరియా పరీక్ష ఫలితం కోసం రెండు రోజులు ఆగరాదు. ఒళ్ళు నొప్పులకు ఊరి డాక్టరు ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు బైపాస్ చేసిన చోట పుండు చేయగలవు. అన్నిటికంటె తెలియనిది మూడవది. రోజుల తరబడి వాంతులవుతూంటే ఒంట్లో థయమిన్ అనే బి1 విటమిన్ అడుగంటుతుంది. నీరసించిన రోగికి మన ఊళ్ళలో వెంటనే ఎక్కించేది గ్లూకోజు సీసా. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతిని చూపు, నడక, జ్ఞాపకం తప్పే ప్రమాదముంది. బి1 సూది చవకది, చిన్న ఆస్పత్రిలోనూ దొరకగలది. గుర్తుకు రావడమే కష్టం.

అందుకే బయలుదేరే ముందే బచేలిలోని ప్రాజెక్టు ఆస్పత్రి వైద్యునికో, జగదల్‌పూర్ దగ్గర డిమరాపాల్‌లోని వైద్య కళాశాల ఆస్పత్రికో వెళ్ళి సంగతి చెప్పి రావాలి. తిరిగి వచ్చేటప్పుడు శస్త్రవైద్యుని చేత ఒక చీటీ రాయించుకోవాలి: ఏ తేదీన ఏ ఆపరేషను జరిగింది, ఏ మాత్రలు ఇవ్వరాదు, గ్లూకోజుకు ముందు బి1 ఇవ్వాలి, ముక్కు గొట్టాన్ని చూడకుండా కడుపులోకి దించరాదు, మధుమేహపు మందు ఎంతకు తగ్గించారు, రాత్రివేళ ఏ నెంబరుకు ఫోను చేయాలి. విశాఖలోనో హైదరాబాదులోనో దాన్ని తెలుగులో రాసి ఇస్తే దంతేవాడలో చదివేవారు ఉండకపోవచ్చు. హిందీలోను, ఇంగ్లీషులోను రాయించి, ప్లాస్టిక్ తొడుగు వేయించి, ఒకటి పర్సులో, ఒకటి ఇంటి తలుపు వెనుక ఉంచుకోవాలి.